ఆమోసు చదివిననాడు

తిర్సా పొద్దున్నే పొయ్యి వెలిగించకముందు పెన్సిళ్ళు చెక్కుతుంది. గోడకి బిగించిన మర ఉంది గానీ దాన్ని తిప్పితే ఆ గరగరకి పిల్లలు లేస్తారు. అందుకని పాత పేపరు ఒళ్ళో పరుచుకుని చిన్న మడతకత్తితో ఒక్కొక్కటే చెక్కుతుంది. చెక్కినవాటిని పొడుగు బల్ల మీద ఎవరు కూచునే చోట వాళ్ళకి పెడుతుంది. చిన్నవాళ్ళకి పొట్టి పెన్సిలు. పొట్టిదయితే చిన్న వేళ్ళకి పట్టు దొరుకుతుంది. తర్వాత చెక్కుడు పొట్టు పొయ్యిలో దులిపేసి, పొద్దున తినే మెత్తటి బిస్కట్లకి పిండి కలుపుతుంది. పదేళ్ళ వయసు నుంచీ ఆమెకిదే వరస.

ఆమె పదో ఏట టిడ్‌వెల్ వాళ్ళింట్లో ఆమోసు పుట్టాడు. వాడి పైన ఇంకా నలుగురున్నారు. తల్లి డార్లా ఆ కాన్పుతో మంచం పట్టింది. ఇంటి బడిలో పంతులమ్మ ఆమే కాబట్టి, ఆమె లేచేదాకా పెద్దపిల్ల తిర్సా చిన్నవాళ్ళకి అక్షరాలు దిద్దించాలన్నాడు తండ్రి. డార్లా లేచింది, జెమీమాని కన్నది, మళ్ళీ పడుకుంది. తిర్సా మాత్రం ఆ బల్ల చివరి కుర్చీలోంచి ఇక లేవలేదు. తన పాఠాలు రాత్రిపూట వంటగదిలో చదువుకునేది.

తండ్రి హార్లన్‌కి కలప కోసే మిల్లుంది. ఇంటి బడికి ప్రధానోపాధ్యాయుడూ ఆయనే. మా కొండల్లో చాలా ఇళ్ళల్లో ఇంతే. ప్రభుత్వ బడికి పంపితే పిల్లలు లోకం పాలవుతారని మా పెద్దల భయం. మేమంతా ఇంట్లోనే చదువుకున్నవాళ్ళం. పద్దెనిమిదేళ్ళకి మా ఇంటిబడుల సంఘం చర్చి హాల్లో పట్టాలిస్తుంది. ఇవ్వడం అంటే ఎవరి పిల్లలకి వాళ్ళ తండ్రే ఇస్తాడు. సంతకం ఆయనదే. ఆ సంతకం ఉంటే పట్నంలో కాలేజీలు కూడా ఒప్పుకుంటాయి. లేకపోతే పిల్ల ఎంత చదివినా చదవనట్టే.

హార్లన్ పిల్లల మీద చెయ్యెత్తడని మా సంఘంలో మంచి పేరు. గొంతు కూడా పెంచడు. పిల్లలు ఆయన్ని సర్ అంటారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎనిమిదో పుట్టినరోజున పిల్లవాడు భోజనాల బల్ల చివర నిలబడి, వచ్చిన అతిథుల ముందు ఒక కీర్తన చదవాలి. చదివితే తోలు అట్ట వేసిన బైబిలు గ్రంథం వాడి సొంతం. చదవలేకపోతే చదివేదాకా వంటగట్టు దగ్గర నిలబడి తినాలి. రెండోవాడు కేలెబు ఒక నెల అలా నిలబడే తిన్నాడు. తర్వాత చదివాడు. దాంతో ఆ ఆచారం మంచిదని అందరికీ రుజువైంది.

ఆమోసుకి మాత్రం అక్షరాలు నిలిచేవి కావు.

"అవి కదుల్తాయక్కా," అనేవాడు. "నేను ఇటు చూస్తే అటు పోతాయి."

"ఎటు పోతాయిరా? వేలు పెట్టి పట్టుకో."

"వేలు కింద నుంచి కూడా పోతాయి."

తిర్సా ఇసుకలో రాయించింది, పిండితో చేయించింది. రెండేళ్ళు పోయాయి. కోళ్ళకి మేత వేస్తుంటే వెనకాలే తిరిగి పాటలన్నీ ఒక్కసారి విని అప్పజెప్పేవాడు. మిల్లులో ఏ దుంగ ఏ చెట్టుదో వాసన చూసి చెప్పేవాడు. 'పిల్లి' అన్న మాట మాత్రం పొద్దున చదివితే సాయంత్రానికి కొత్తగా ఉండేది.

పుట్టినరోజు దగ్గరపడింది. ఫిబ్రవరి చలిలో, కోళ్ళ గూటి దగ్గర, తిర్సా వాడికి కొండల గురించిన కీర్తన ఒకటి నోటికి నేర్పింది. ఏ వరుస దగ్గర వేలు కిందికి జరపాలో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో, ఎక్కడ కాస్త తడబడితే నిజంగా ఉంటుందో అన్నీ నేర్పింది.

ఆ రోజు పాస్టరు రైమర్, పాస్టరమ్మ వెల్డా భోజనానికి వచ్చారు. ఆరేళ్ళ జెమీమా గర్వంగా కొత్త గ్రంథం తెచ్చి, తనకి తోచిన చోట తెరిచి, అన్న చేతికిచ్చింది. తిర్సా అప్పుడు కాఫీ కోసం వంటగదిలో ఉంది.

ఆమోసు చదివాడు. వేలు సరిగ్గా జరిగింది. తడబడాల్సిన చోట తడబడ్డాడు. డార్లా కళ్ళు తుడుచుకుంది. పక్కనే కూచున్న పాస్టరమ్మ వాడి భుజం మీదుగా తొంగి చూసి కిలకిలా నవ్వింది.

"ఒరే బంగారం, ఈ పేజీలో కొండలెక్కడున్నాయిరా? అన్నీ పేర్లే కదా. ఎవరికి ఎవరు పుట్టారో ఆ వంశాల లెక్క!"

"వీడికి కనపడ్డాయిలే," అన్నాడు పాస్టరు. "దృష్టి గట్టిది!"

అందరూ నవ్వారు. పాస్టరమ్మ ఏ చెడూ తలపెట్టి అనలేదు. హార్లన్ ఒక్కడే నవ్వలేదు.

"ఆమోసూ, నీ వేలు ఏ మాట మీద ఉంది?"

వాడు వేలు వంక చూశాడు. "కొండ మీద సర్."

ఈసారి కేలెబు కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఎవరు నేర్పారు?"

కాఫీ కూజాతో గుమ్మంలో నిలబడ్డ తిర్సా అంది, "నేనే సర్."

"చదవడమా? చదివినట్టు కనపడటమా?"

"రెండోది సర్."

"సరే. పాస్టరు గారి కప్పు ఖాళీగా ఉంది చూడు," అన్నాడు హార్లన్.

ఆ మర్నాటి నుంచి ఆమోసు గట్టు దగ్గరికి మారాడు. గట్టు వాడి గడ్డం ఎత్తు. కంచంలోకి చెయ్యి పైకెత్తి పెట్టాలి.

తిర్సా సంగతి ఆయన రెండు వారాలు ఎత్తలేదు. ఎత్తేసరికి మార్చి వచ్చింది. అప్పటికి తిర్సా పైచదువు సంగతంతా ఖాయమైంది. డార్లా చెల్లెలు లోయిస్ పట్నంలో ఆసుపత్రి నర్సు. ఆగస్టులో మొదలయ్యే నర్సింగు కోర్సులో తిర్సాకి సీటు మాట్లాడింది. తనింట్లో ఒక గది ఖాళీ చేసి గోడలకి రంగు కూడా వేయించింది. తిర్సా ఆ గది చూడలేదు. పసుపు రంగని తెలుసు. అంట్లు తోముతూ జెమీమాకి ఆ గది గురించి చెప్పేది. కిటికీ ఎటుంటుందో కూడా తనే ఊహించి చెప్పేది. ఆ గదికి పోవాలంటే కావలసింది తండ్రి సంతకం ఒక్కటే.

"మే నెలలో నీకు పట్టా ఇస్తాను," అన్నాడు హార్లన్. "కానీ అంతకు ముందు వేదిక మీద సాక్ష్యం చెప్పాలి. నువ్వు చేసిన పని గురించి."

"ఏమని చెప్పమంటారు సర్?"

"నేను రాసివ్వను. రాసిచ్చింది అప్పజెప్తే అది ఆమోసు చదివినట్టే ఉంటుంది. నీ మాటలు నువ్వే వెతుక్కో."

వెతుక్కోవడం రోజూ పొద్దున బిస్కట్ల దగ్గర, పిల్లలందరి ముందూ జరిగేది.

"నేను మా నాన్నగారిని మోసం చేశాను. అందుకు క్షమాపణ కోరుతున్నాను," అనేది తిర్సా.

హార్లన్ వెన్న రాసుకుంటూ, "ఎందుకు చేశావు?" అనేవాడు.

"ఆమోసుకి అక్షరాలు రావట్లేదని."

"రావట్లేదా? వాడు రానివ్వట్లేదా?"

తిర్సా గుమ్మంలోంచి కనపడే గట్టు వైపు చూసేది. ఆమోసు నములుతూ ఉండేవాడు.

"రేపు మళ్ళీ ఆలోచించు," అనేవాడు తండ్రి.

"వాణ్ణి అక్కడే ఉండనీ సర్," అన్నాడు కేలెబు ఒకరోజు. "నిలబడి తినీ తినీ పొడుగైనా పెరుగుతాడు." పిల్లలు నవ్వితే హార్లన్ ఇంకో బిస్కట్టు అందుకున్నాడు.

"చెప్పెయ్యమ్మా," అంది డార్లా, ఇద్దరే ఉన్నప్పుడు. "నోటితో అనే నాలుగు ముక్కలేగా. ఆయనకి కావలసింది అనేసి నీ దారిన నువ్వు పో. వాడు పసివాడు, నాలుగు రోజుల్లో మర్చిపోతాడు."

ఏప్రిల్ చివర తిర్సాకి మాటలు దొరికాయి. విని హార్లన్ తలూపాడు. బల్ల మీంచి లేస్తూ ఒక్కటి అడిగాడు.

"వాడితో ముందుగా ఏమైనా అంటావా? 'రేపు నేననే మాటలు పట్టించుకోకురా' అనో, అలాంటిదేదో?"

"అనకూడదా సర్?"

"అంటే సాక్ష్యం కూడా అబద్ధమే అవుతుంది. అబద్ధానికి నేను సంతకం పెట్టను."

ఆమె అనలేదు.

సంఘంలో అందరికన్నా అందమైన చేతిరాత తిర్సాది. ఆ ఏడు పట్టాలన్నిటి మీదా సిరాతో పేర్లు రాసింది ఆమే. తన పేరూ తనే రాసుకుంది. రాసి, ఆరబెట్టి, సంతకం కోసం తండ్రికిచ్చింది.

ఆ శనివారం హాలు నిండిపోయింది. తల్లులు కుట్టిన నీలం గౌనుల్లో ఐదుగురు పిల్లలు నిలబడ్డారు. ముందు వరసలో ఆమోసు కేలెబుది పాత టై ఒకటి కట్టుకుని కూచున్నాడు. టై బెల్టు కిందికి వేలాడుతోంది. ఒక్కొక్క తండ్రి వేదికెక్కి, కూతురి గురించో కొడుకు గురించో నాలుగు మంచి మాటలు చెప్పి, పట్టా ఉన్న నీలం అట్ట చేతిలో పెట్టి కావలించుకుంటున్నాడు. హార్లన్ ఎక్కి, "మా అమ్మాయి ముందు ఒక మాట చెప్పాలనుకుంటోంది," అన్నాడు.

తిర్సా మైకు ముందుకొచ్చింది. "మా తమ్ముడు ఆమోసు..." అంది.

తన పేరు వినపడగానే వాడు వెలిగిపోయాడు. అక్క పొగుడుతుందనుకున్నాడు. నిటారుగా కూచుని టై సర్దుకున్నాడు.

"ఆమోసుకి చదవడం చేతకాక కాదు. ఇష్టం లేక. వాడు సోమరి. ఆ సోమరితనాన్ని చూసి నేను జాలిపడి, దాన్ని అబద్ధంతో కప్పిపెట్టాను. దేవుడూ మా నాన్నగారూ మీరంతా నన్ను క్షమించాలి. వాడు మారాలని మీరంతా ప్రార్థన చెయ్యండి."

హాలంతా ఆమేన్ అంది. వెనకెవరో 'స్తోత్రం' అని గట్టిగా అన్నారు. ఆమోసు ముఖం మీద నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం ఎలాగో తెలియనట్టు. పక్కనున్న ముసలాయన వాడి తల మీద చెయ్యి వేసి నిమిరాడు. హార్లన్ కూతురి చేతిలో అట్ట పెట్టి కావలించుకున్నాడు. చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు.

తర్వాత చర్చి వంటగదిలో, కేకు ముక్కలు కోస్తున్న లోయిస్ పక్కన నిలబడి, తిర్సా అట్ట తెరిచింది. లోపల ఏమీ లేదు.

"హార్లన్!" అని అరిచింది లోయిస్. "ఇందులో కాయితం ఏదయ్యా? మర్చిపోయావా?"

హార్లన్ పళ్ళరసం గ్లాసుతో వచ్చాడు. "నా దగ్గరే ఉంది లోయిస్. సంతకం ఒక్కటే తక్కువ."

"నువ్వు చెప్పమన్నది చెప్పింది కదా!"

"చెప్పింది. వాడికి చేతనవును, ఇష్టం లేదంతే అని ఇంతమందిలో సాక్ష్యమిచ్చింది." తిర్సా వైపు తిరిగాడు. "చేతనైన పిల్లవాడికి చదువు చెప్పలేనిదానివి, నీ చదువు పూర్తయిందని ఎలా అంటావు? వాడు చదివిననాడు పెడతాను. అదే రోజు."

"ఆగస్టులో కోర్సయ్యా!"

"అది వాడి చేతిలో ఉంది. వాడికి చేతనవునని తిర్సాయే అంది."

పాస్టరు రైమర్ కేకు మింగి, "న్యాయంగానే ఉందమ్మా," అన్నాడు.

లోయిస్ కత్తి బల్ల మీద పడేసింది. "తిర్సా, పద. ఇప్పుడే కారెక్కు. పట్టా లేనివాళ్ళ కోసం ప్రభుత్వ పరీక్ష ఒకటుంది, అది రాద్దువు గాని."

"తలుపేం వేసి లేదు," అన్నాడు హార్లన్.

తిర్సా హాల్లోకి చూసింది. ఆమోసు కేకు తింటున్నాడు. చుట్టూ కుర్చీలన్నీ ఖాళీ. వాడు గోడ పక్కన నిలబడి తింటున్నాడు.

"వాడికి నేర్పేసి వస్తాను పిన్నీ," అంది. "ఆగస్టు దాకా టైముంది కదా."

లోయిస్ ఒక్కతే వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున తిర్సా పొట్టి పెన్సిలు పెట్టి ఆమోసుని పిలిచింది. వాడు వచ్చి కూచున్నాడు. పెన్సిలు ముట్టలేదు.

"నేను సోమరిని," అన్నాడు.

"కాదురా. నువ్వు సోమరివి కాదు."

"మరి స్టేజీ మీద అబద్ధమాడావా?"

అవునంటే పట్టా పోతుంది. కాదంటే వాడు పోతాడు. "ఇదేం అక్షరమో చెప్పు," అంది. వాడు కిటికీలోంచి కోళ్ళని చూశాడు.

జూన్ అంతా అంతే. జులైలో మిల్లు నుంచి చెక్కముక్కలు తెచ్చి, ఒక్కో చెట్టు చెక్కతో ఒక్కో అక్షరం చెక్కింది, వాసన చూసైనా గుర్తుపడతాడని. వాడు వాటిని పొయ్యిలో వేశాడు. ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం వాడే అడిగాడు.

"నేను చదివితే నువ్వు పోతావు కదా?"

"వారం వారం వస్తాన్రా."

"పోతావు కదా?"

"పోతాను."

"అయితే చదవను."

ఆగస్టు పోయింది. ఆ పసుపు గది లోయిస్ ఇంకెవరికో అద్దెకిచ్చింది. మరుసటేడు మళ్ళీ అడుగుతానంది. అడిగింది కూడా. హార్లన్ అదే మాట చెప్పాడు.

మనుషులు తమ చేతిలో ఏముందో త్వరగానే తెలుసుకుంటారు. పదకొండేళ్ళొచ్చేసరికి ఆమోసుకి తెలిసిపోయింది.

"అక్కా, నా బూట్లకి బురదైంది."

"నువ్వే తుడుచుకో."

"సంతకం కావాలా, వద్దా?"

తిర్సా బూట్లు తుడిచేది. పక్కలు సర్దేది. వాడి వంతు కట్టెలు కొట్టేది. పన్లయ్యాక వాడు బల్ల దగ్గర కూచుని పుస్తకం తెరిచి, ఆమె ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆవులించి మూసేసేవాడు. చిన్నవాళ్ళు అదో ఆటలా చూసేవారు. "చదువుతున్నాడు, చదువుతున్నాడు!" అని జెమీమా అరిస్తే అందరూ పరిగెత్తుకొచ్చేవారు. హార్లన్ ఇవన్నీ చూస్తూనే ఉన్నాడు. సహనం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదని ఒక ఆదివారం చర్చిలో తిర్సాని చూపించి మెచ్చుకున్నాడు.

వాడికి నిజంగా రాదో, వచ్చీ చదవలేదో ఎవరికీ తెలియదు. నేను తిర్సాని ఒకసారి అడిగాను. "కొన్నాళ్ళు రాదనుకున్నాను. కొన్నాళ్ళు వచ్చనుకున్నాను," అంది.

పదిహేడో ఏట ఆమోసు కలప లారీల మీద పనికి కుదిరాడు. వెళ్ళేరోజు రాత్రి అందరూ బల్ల దగ్గర ఉన్నారు. వాడు ఎప్పట్లాగే గట్టు దగ్గర. ఇప్పుడు గట్టు వాడి నడుం ఎత్తు. తినడం అయ్యాక కంచం తొట్టిలో పెట్టి, అలమారలోంచి ఆ తోలు అట్ట గ్రంథం తీశాడు. తొమ్మిదేళ్ళుగా ఎవరిదీ కాకుండా అక్కడే పడుంది. బల్ల చివరికొచ్చి నిలబడి తెరిచాడు.

చెంచాలు ఆగిపోయాయి. తిర్సా బీన్స్ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. హార్లన్ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

వాడు పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి నిదానంగా జరిపాడు. ఒక పేజీ తిప్పాడు. మళ్ళీ వేలు జరిపాడు. అక్క వైపు చూశాడు.

"అన్నీ పేర్లే ఉన్నాయి సర్," అన్నాడు.

గ్రంథం మూసి బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

జెమీమా లేచి ఆ పేజీ వెతికింది. దొరకలేదు. "సర్, వాడు చదివాడా ఇప్పుడు?" అని అడిగింది.

"పైకి చదవలేదు కదా," అన్నాడు హార్లన్. "బీన్స్ ఇటివ్వమ్మా తిర్సా."

తిర్సా ఇచ్చింది. అప్పటికి ఆమెకి ఇరవై ఏడేళ్ళు. లోయిస్ ఉద్యోగం మానేసి సముద్రం పక్క ఊరికి మకాం మార్చింది. ఆ ప్రభుత్వ పరీక్ష ఎందుకు రాయలేదని తిర్సాని అందరూ అడుగుతారు. అడిగినప్పుడల్లా కాస్త ఆశ్చర్యంగా చూస్తుంది. "సర్ పెడతానన్నారు కదా," అంటుంది.

ఆమోసు అప్పుడప్పుడూ నవంబరులో కృతజ్ఞతల పండగకి వస్తాడు. కూచోమని డార్లా అంటుంది. వాడు కంచం తీసుకుని గట్టు దగ్గరికి పోతాడు. తిర్సాతో లారీ గురించీ వాన గురించీ మాట్లాడతాడు.

తిర్సాకి ఇప్పుడు నలభై. హార్లన్ బల్ల మొదట్లో తన కుర్చీలోనే ఉన్నాడు, మిల్లు కేలెబు చూసుకుంటున్నాడు. జెమీమా పక్క స్థలంలోనే ఇల్లు కట్టుకుంది. ఆమె పిల్లలు నలుగురూ పొద్దున్నే వచ్చి ఆ పొడుగు బల్ల దగ్గర పెద్దమ్మ చెక్కిన పెన్సిళ్ళు పట్టుకుంటారు. మే నెల వస్తే సంఘం పట్టాల మీద పేర్లు రాసేది ఇంకా తిర్సాయే. ఈ వేసవిలో జెమీమా పెద్దకూతురికి ఎనిమిదేళ్ళు నిండాయి. అతిథుల ముందు కీర్తన చదివి కొత్త గ్రంథం తీసుకుంది. పేజీ తెరిచి, సరైనదో కాదో రెండుసార్లు చూసి, పిల్ల చేతిలో పెట్టింది తిర్సాయే.